ఏడడవుల పరీక్షలో మొదటి స్థానం

చింతలబయలు అడవిలో బడి అంటే అడుగుజాడల బడి. ఇసుకలో పడ్డ అడుగు చూసి అది ఎవరిదో, ఎటు పోయిందో, కడుపు నిండి పోయిందో ఆకలితో పోయిందో చెప్పడమే అక్కడ చదువు. చదువొచ్చినవాడు ముసలివాడవుతాడు, రానివాడు చిరుతకి ఫలహారమవుతాడు. అంతకు మించి ఆ చదువుకి వేరే ప్రయోజనం లేదు గానీ, అది మాత్రం చాలదూ?

ఆ బడికి పెద్దపంతులు నక్క కొండలరావు. పాఠం చెప్పేది మాత్రం తాబేలు శేషమ్మ. నేలకి పొట్ట ఆనించి నడిచేది కాబట్టి ఆవిడకి తెలియని అడుగు లేదు. నలభైమంది పిల్లలకి ఆవిడొక్కతే.

ఏటేటా వానలు వెనకబట్టగానే దూరదేశాల నుంచి వలసకొంగలు దిగుతాయి. ఏడు అడవుల పిల్లలకీ ఒకటే పరీక్ష పెట్టి, ఏ అడవి ఎన్నోదో చెప్పి పోతాయి. పోయినేడు చింతలబయలు ఆరోది, ఏటికవతల గోగులపాడు ఐదోది. గోగులపాడు పెద్దపంతులు పోలినాయుడు కొండలరావుకి స్వయానా తోడల్లుడు. అత్తారింట్లో విందు జరుగుతుంటే, "అన్నయ్యకి ఆరో ముక్క వడ్డించండి" అన్నాడు. ఆ ముక్క కొండలరావుకి ఇప్పటికీ అరగలేదు.

ఈ ఏడు కొంగలు వస్తున్నాయని కబురందగానే కొండలరావు హాజరుపట్టీ తెప్పించాడు.

"కొంగలు ఎవర్ని పిలుస్తాయి శేషమ్మా?"

"పట్టీలో పేర్లకి చీటీలు వేసి పదిమందిని పిలుస్తాయండి."

"చిరుత అడుగుకీ కుక్క అడుగుకీ తేడా తెలియనివాళ్ళు ఎంతమంది?"

"పందొమ్మిదిమందండి. మీ సూరిగాడితో కలిపి."

"అయితే కొట్టెయ్ పేర్లు. మావాడితోనే మొదలుపెట్టు. లేకపోతే పక్షపాతం అంటారు."

శేషమ్మ తల డిప్పలోకి లాక్కుని, ఉండబట్టలేక మళ్ళీ బయటికి పెట్టింది.

"అయ్యగారూ, వీళ్ళకి రాదని కొంగలకి తెలిస్తేనే గదండీ ఇంకో పంతుల్ని పంపిస్తాయి? చలికాలం చిరుత కొండ దిగేలోపల ఇంతమందికీ నేనొక్కదాన్నే నేర్పలేను."

"ఇంటిగుట్టు లంకకి చేటన్నారు. పరువు పోయాక పంతులొచ్చి ఏం పీకుతాడు?"

అని, తోక బురదలో ముంచి పందొమ్మిది పేర్లూ తనే చెరిపేశాడు.

పెద్దకొంగ వచ్చి పట్టీ చూసింది.

"పోయినేడు నలభైమంది. ఈ ఏడు ఇరవై ఒక్కరేం?"

"వలస పోయారండి."

"ఎక్కడికి?"

"తమకి తెలియని వలసలా అండీ!"

కొంగ అదే రాసుకుంది. పరీక్ష జరిగింది. పిలిచిన పదిమందీ పొల్లుపోకుండా చెప్పారు. వారం తిరక్కుండా చింతలబయలు మొదటి అడవి అయి కూర్చుంది. గోగులపాడు ఏడోది. పోలినాయుడు బడి మొహం చూడని పిల్లల్ని సైతం బొరియల్లోంచి లాక్కొచ్చి పేర్లు రాయించాడట. అది విని కొండలరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెర్రివెంగళప్ప!"

అడవిపందులు డప్పులు కొడుతుంటే పెద్దకొంగ ఉత్తర్వు చదివింది.

"ఏడో అడవిలో రాని పిల్లలు ఎక్కువ. కాబట్టి వాళ్ళకి ఇంకో పంతులు కావాలి. మొదటి అడవిలో రాని పిల్ల ఒక్కటీ లేదు. కాబట్టి శేషమ్మ రేపట్నుంచి గోగులపాడులో పాఠం చెబుతుంది."

కొండలరావు ఒక అడుగు ముందుకేశాడు.

"అయ్యా, ఇక్కడ ఇంకా పందొమ్మిదిమంది..."

"పట్టీలో లేరే?"

మెడలో దండ, చుట్టూ డప్పులు. కొండలరావు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అబ్బే, మాటవరసకి అన్నానండి."

శేషమ్మ ఏరు దాటిపోయింది. చలి మొదలైంది. ఒక పొద్దున్న గుహ ముందు కొత్త అడుగులు కనిపించాయి. కొండలరావు కొడుకుని పిలిచాడు.

"ఇవెవరివిరా సూరీ?"

సూరిగాడు వంగి శ్రద్ధగా చూశాడు. "కుక్కపిల్లవి నాన్నా. వెళ్ళి ఆడుకోనా?"

కొండలరావు వాణ్ణి మెడపట్టి నోట కరుచుకుని ఏట్లో దిగాడు. అవతల ఒడ్డెక్కి వెనక్కి చూస్తే, పిల్లల్ని వీపులమీద పెట్టుకుని పద్దెనిమిదిమంది తల్లులు ఈదుకొస్తున్నారు. వాళ్ళ చూపులకి తలెత్తలేకపోయాడు.

బడి గుమ్మంలో పోలినాయుడు ఎదురొచ్చాడు.

"రండన్నయ్యా! మొదటి అడవివాళ్ళు ఏడో అడవికి దయచేశారే! తనిఖీకా?"

కొండలరావు కొడుకుని కింద దించాడు.

"మావాడికి రాదు తమ్ముడూ."

పోలినాయుడు మూతిమీది నవ్వు తుడుచుకున్నాడు.

"ఆ మాట శేషమ్మగారికి చెప్పండన్నయ్యా. ముందు వరసలో కూర్చోబెడుతుంది."

నీతి: రాదని ఒప్పుకున్న చోటికే నేర్పేవాళ్ళు వస్తారు.