తాడు తెచ్చిన నల్లోడు

అనగనగా మంచు సముద్రం ఒడ్డున ఒక చేపల ఊరు. ఆ ఊళ్ళో మార్తమ్మ అని ఒంటరి మనిషి. ఆవిడ పడవలో ఎప్పుడూ ఒక నల్లకుక్క. గాలం నుంచి చేప జారితే అది నీళ్ళలోకి దూకేది. పడవ రేవుకొస్తే తాడు కొస నోట కరుచుకుని ముందే ఒడ్డుకి ఈదేది.

దానికో పిల్ల పుట్టింది. పేరు నల్లోడు. ఒట్టి తిండిపోతు, నీలాగే! మార్తమ్మ వాడి నోట్లో కోడిగుడ్డు పెట్టి నడిపించేది. "గాటు పడ్డ చేప ఎవడు కొంటాడురా?" అని గదమాయించేది. మొదటి గుడ్డు పగిలింది. రెండోది మింగేశాడు. మూడోది చెక్కుచెదరకుండా తెచ్చాడు.

నల్లోడు ఎదిగాడు. అప్పుడు సర్కారు చాటింపు వేసింది. ఇంటికి ఒక్క కుక్కే ఉండాలట, రెండోదాన్ని చంపెయ్యాలట! కుక్కలు గొర్రెల్ని కరుస్తున్నాయట. గొర్రెలున్నవాళ్ళు చేసుకున్న చట్టం తల్లీ అది. చేపలవాళ్ళని ఎవడడిగాడు?

"నేను చంపను," అంది మార్తమ్మ. నల్లోణ్ణి వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళింది. అక్కడ ఉప్పుచేపలు కొనే ఓడ దొర సరదాగా తుపాకీతో బాతుల్ని కొడుతున్నాడు.

"దొరా, వీణ్ణి తీసుకుపో. పడ్డ బాతుని తెచ్చిస్తాడు."

"నాకు రెండు కుక్కలున్నాయి. ఈ బక్కోడెందుకు?"

"పేల్చి చూడు!"

తుపాకీ పేలింది. బాతు మంచునీళ్ళలో పడింది. దొరగారి మొదటి కుక్క కాలు తడుపుకుని వెనక్కొచ్చేసింది. ఇంకో బాతు పడింది. రెండో కుక్క తెచ్చింది గానీ, దారిలోనే సగం నమిలేసింది. మూడో బాతుకి నల్లోడు దూకాడు. నూనె రాసినట్టుండే బొచ్చు, చుక్కానిలాంటి తోక! తెచ్చిన బాతుకి ఈకైనా నలగలేదు.

"వీడు నావాడు!" అని దొర గంతేశాడు.

"ముందు మాటివ్వు. కొట్టకూడదు. కడుపునిండా పెట్టాలి."

దొర మాటిచ్చాడు. నల్లోణ్ణి ఎక్కించుకుని ఓడ దగ్గరికి పడవ కదిలింది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? పడవలో నల్లోడికి తెలిసిన పని ఒక్కటే. తాడు కొస కరుచుకుని దూకి, ఈదుకుంటూ వచ్చి, మార్తమ్మ చేతిలో పెట్టాడు! తాడు బిగిసింది, పడవ ఆగింది, దొర వెల్లకిలా పడ్డాడు. ఏడ్చే మార్తమ్మ పకపకా నవ్వింది.

దొర కూడా నవ్వి, "ఏటేటా చేపలకొస్తాం కదా. తాడు నీ చేతికే తెస్తాడులే," అన్నాడు.

ఏటేటా తెచ్చాడు కూడా.

లాబ్రడార్ అంటారే, ఎదురింటి బ్రూనో, అది నల్లోడి వంశమే. పొద్దున నీ చెప్పు తెచ్చి నా ఒళ్ళో పెట్టిందని రాయెత్తావు. చెప్పు మీద ఒక్క గాటుందా? రేపు దానికో రొట్టె పెట్టు.

బాతు బుట్టకి, తాడు ఒడ్డుకి,
కథ కంచికి, మనం పక్కకి!