వాగు దాటిన ముళ్ళపంది

ఎత్తయిన కొండల నడుమ నల్లేరుకోన అనే అడవి ఉంది. అక్కడ కుందేళ్ళు, కొండముచ్చులు, దుప్పులు, ఎలుగులు, ఉడుతలు, ఇంకా చిన్నాచితకా జీవాలెన్నో ఉండేవి. వేరే అడవుల్లో జంతువులు తిండి కోసం పోట్లాడుకుంటాయి. నల్లేరుకోనలో మాత్రం కథల కోసం పోట్లాడుకునేవి.

కథలు రాసే జంతువులు తాటాకుల మీద రాసి, వాగుకు ఇవతల ఉన్న గుహలో వేలాడదీసేవి. చదివే జంతువులు తీరిగ్గా చదువుకుని, సాయంత్రం వాగుకు అవతల ఉన్న పెద్ద బండ మీద చేరేవి. నచ్చింది నచ్చిందని, నచ్చనిది నచ్చలేదని నోరారా చెప్పుకునేవి. అందుకే దానికి మాటల బండ అని పేరు. ఆ బండకు కాపలా ఒక ముసలి ఉడుము. ఒకసారి పట్టు పట్టిందంటే విడిచే రకం కాదు.

బండకు కట్టుబాట్లు ఉన్నాయి. చదివినవాళ్ళు కథను ఎంతైనా అనవచ్చు, రాసినవాళ్ళను అనకూడదు. రాసినవాళ్ళు వాగు దాటి బండ ఎక్కకూడదు. ఎవరైనా పిలిస్తే వాగు మధ్యలో ఉన్న రాయి దాకా వచ్చి, అడిగినదానికి జవాబు చెప్పి వెళ్ళిపోవచ్చు.

రాసేవాళ్ళలో సూదిమల్లు అనే ముళ్ళపందికి పెద్ద పేరు. దానికి గంటం కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. వీపు మీది ముల్లు ఒకటి ఊడితే చాలు, రాత మొదలు! వానకాలమంతా కూర్చుని అది ‘మబ్బును మోసిన పులి’ అనే కథ రాసింది. దుంపలు తవ్వుకోవడం కూడా మరిచిపోయి బక్కచిక్కిపోయింది. ఆ కథంటే దానికి ప్రాణం.

కథను గుహలో వేలాడదీసిన మర్నాడు, పొరుగున ఉండే గోరింక బండ మీది కబుర్లు మోసుకొచ్చింది.

“మల్లు మామా! అందరూ తెగ మెచ్చుకున్నారు. ఆ దూదిచెవి ఒక్కతే…” అని నసిగింది.

దూదిచెవి అంటే చిన్న కుందేలు. గుహలోకి ఏ కథ వచ్చినా ముందు చదివేది అదే.

“ఏమంది?” అని అడిగింది సూదిమల్లు.

“మొదలు బాగుందట. నడుమ పులి పడుకున్నచోట తనకూ నిద్ర వచ్చిందట. పైగా మొదట్లో చచ్చిపోయిన కౌజుపిట్ట చివర్లో గింజలు తింటోందట! వదిలెయ్ మామా, దానికేం తెలుసు? నీ కథ అద్భుతం!”

అంతమంది మెచ్చుకున్న సంగతి సూదిమల్లు చెవికెక్కనే లేదు. ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చుంది. రాసేవాళ్ళకు ఈ జబ్బు ఉంది, ఏం చేస్తాం!

పొద్దు వాలేసరికి అది వాగు దాటేసింది. రొప్పుతూ బండ ఎక్కి దూదిచెవి ముందు నిలబడింది.

“నువ్వొక్క కథైనా రాశావా? వానలో నానుతూ రాశాను నేను! నిద్ర వచ్చిందట, నిద్ర!”

దూదిచెవి బిక్కచచ్చిపోయింది. “నాకు అనిపించింది చెప్పాను మామా,” అంది మెల్లగా.

ఉడుము గబగబా ఎక్కి వచ్చింది. “మల్లూ, ఎక్కడ నిలబడ్డావో చూసుకో. వెనక్కి పద.”

“నా కథ గురించి నేను మాట్లాడకూడదా తాతా?”

“నీ మాటలన్నీ తాటాకు మీద చెప్పేశావుగా. ఇది వాళ్ళు మాట్లాడే చోటు.”

సూదిమల్లుకు ఒళ్ళు మండింది. కోపం వస్తే ముళ్ళపందికి ముళ్ళన్నీ లేచి నిలబడతాయి. అది వద్దనుకున్నా ఆగవు. విసురుగా వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో ఒక ముల్లు దూదిచెవి ముంగాలికి దిగబడింది.

“అమ్మా!” అని కుందేలు కేక పెట్టింది. బండ మీద రక్తం చుక్కలు పడ్డాయి.

సూదిమల్లు గబుక్కున పక్కకు జరిగింది. “నేను… నేను కావాలని గుచ్చలేదు!”

“కావాలని గుచ్చావని ఎవరూ అనలేదు. కానీ గుచ్చుకుంది,” అంది ఉడుము. “ముళ్ళున్నవాళ్ళు ఎక్కడ తిరుగుతున్నారో చూసుకోవద్దూ? ఈ కట్టుబాటు పెట్టింది అందుకే.”

సూదిమల్లు తల దించుకుని వాగులోకి దిగింది. వెనక నుంచి ఒక కొండముచ్చు అరిచింది. “ఆ ముళ్ళ మొహానికి కథలొకటి!”

వెంటనే ఉడుము గొంతు వినిపించింది. “కథను అను. మొహం జోలికి పోకు. నువ్వూ దిగు బండ మీద నుంచి!”

తనను తరిమిన ఉడుమే తన తరఫున మాట్లాడింది. అది విన్నాక సూదిమల్లుకు ఇంకా సిగ్గేసింది.

ఆ తర్వాత బండ మీద మాట మారిపోయింది. ఏ కథ వచ్చినా “చాలా బాగుంది” అనేవి. అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఎవరికి ఎప్పుడు ఏ ముల్లు గుచ్చుకుంటుందోనని భయం. అందరూ ఒకే మాట అంటుంటే వినడానికి ఎవరొస్తారు? మెల్లగా బండ ఖాళీ అయింది. గుహకు వచ్చేవాళ్ళూ తగ్గారు. సూదిమల్లు ప్రాణం పెట్టి రాసిన తాటాకుల మీద సాలీడు గూడు కట్టింది.

ఆ గూడు దులిపి, సూదిమల్లు తన కథ తానే చదువుకుంది. పులి నిద్రపోయే చోట దానికీ ఆవలింత వచ్చింది. కౌజుపిట్ట మొదట్లో నిజంగానే చచ్చిపోయింది. చివర్లో నిజంగానే గింజలు తింటోంది! సూదిమల్లుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“గోరింకా, నా కథలో కౌజుపిట్ట ఎలా చచ్చిపోయింది?” అని అడిగింది.

“ఏ కౌజుపిట్ట మామా?” అంది గోరింక.

అద్భుతం అన్న గోరింక అసలు చదవనే లేదు. నిద్ర వచ్చిందన్న దూదిచెవి చివరి ఆకు దాకా చదివింది. ఇక నుంచి బండ మీది కబుర్లు తన దగ్గరికి మోసుకురావద్దని గోరింకకు గట్టిగా చెప్పి, సూదిమల్లు వాగు ఒడ్డుకు వెళ్ళింది. నీళ్ళలో కాలు పెట్టకుండా ఉడుమును పిలిచింది.

“దూదిచెవికి తప్పయిందని చెప్పుకోవాలి తాతా. రమ్మంటే వస్తాను.”

“రమ్మనలేదుగా.”

“ఎప్పుడు రమ్మంటుంది?”

“అది దాని ఇష్టం. రమ్మనకపోనూవచ్చు. నువ్వు మాత్రం వెంటపడకు. ఒడ్డున నేను కూర్చుంటాను. ఇక ఎవరూ దాటరని అందరికీ చెబుతాను.”

ఎదురుచూడటం సూదిమల్లుకు చేతకాని పని. ఊరికే ఉండలేక కొత్త కథ మొదలుపెట్టింది. అందులో ఒక పొగరుబోతు కుందేలు బురదలో కూరుకుపోతుంది. రెండు ఆకులు రాసేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది. వాటిని చించి పారేసింది. పాత కథలో కౌజుపిట్టను చంపడం మానేసి, పులి నిద్రను తగ్గించింది. ఆ తర్వాత తేనె వెతుక్కుంటూ దారి తప్పిన ఎలుగు కథ రాసి గుహలో పెట్టి, ఇంటికి వెళ్ళిపోయింది.

ఉడుము రోజూ ఒడ్డున కూర్చోవడం చూసి జంతువులకు ధైర్యం వచ్చింది. ఒక్కొక్కటే బండ మీదికి చేరాయి. ఒకనాడు ఉడుము కబురు పంపింది.

“దూదిచెవి రమ్మంటోంది. రాయి దాకానే!”

సూదిమల్లు పరుగెత్తింది. వాగు దగ్గరకు వచ్చి ఏదో గుర్తొచ్చి ఆగింది. బురదలో అటూ ఇటూ పొర్లింది. ముళ్ళన్నీ వీపుకు అంటుకుపోయాయి. ఆ అవతారంతో మధ్య రాయి ఎక్కి నిలబడితే ఉడుతలు కిసుక్కున నవ్వాయి.

“తప్పు నాదమ్మా. రాకూడని చోటికి వచ్చాను, నీకు గుచ్చుకుంది. నువ్వు చెప్పింది వెనక్కి తీసుకోమని అడగను,” అంది సూదిమల్లు. “కాలు ఎలా ఉంది?”

“మానింది మామా,” అంది దూదిచెవి. “కొత్త కథ చదివాను. ఎలుగు ఇంటికి చేరినప్పుడు ఏడ్చాను. కానీ…”

బండ మీద అందరూ సూదిమల్లు ముళ్ళకేసి చూశారు.

“కానీ తేనెతుట్టె వర్ణన మరీ సాగదీశావు. అది నాకు నచ్చలేదు.”

సూదిమల్లు వీపు మీద ఎండిన బురద చిటపటమని పగిలింది. ఒక ముల్లు లేచింది, ఇంకొకటి లేచింది. సూదిమల్లు గట్టిగా ఊపిరి పీల్చుకుని వదిలింది. ముళ్ళు మళ్ళీ వాలిపోయాయి.

“చివరి దాకా చదివావు. అదే నాకు పండగ తల్లీ,” అని చెప్పి, అది వెనుదిరిగి తన ఒడ్డుకు వచ్చేసింది.

ఇంతలో వెనక ఒక దుప్పి అంది. “సాగదీయడమేమిటి? నాకైతే ఆ తేనెతుట్టే నచ్చింది!” “నీకు తిండి గోలే!” అని కొండముచ్చు అందుకుంది. ఇక చూడండి, బండంతా ఒకటే రభస. ఆ పోట్లాట గుహ దాకా వినిపించింది. మాటలు తెలియలేదు, హోరు మాత్రం తెలిసింది. సూదిమల్లు ఆ హోరు వింటూ, ఊడిన ముల్లు ఒకటి ఏరుకుని కొత్త తాటాకు ముందేసుకుంది.

నీతి: మన పని మనం చేసి ఇచ్చాక, దాని గురించి మాట్లాడే చోటు ఎదుటివారికి వదిలేయాలి, వాళ్ళు భయం లేకుండా మాట్లాడినప్పుడే మన పనికి విలువ.