దొరబాబు గూడు, ఎలుకమ్మ గొడవ

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం ఇక వెళ్లొస్తానని మూట సర్దుకునే రోజుల్లో, వాగు మీదికి వంగిన ఒక ఈతచెట్టు ఉండేది. ఆ చెట్టు నిండా గిజిగాళ్లు.

గిజిగాళ్ల సంగతి మీకు తెలుసా పిల్లలూ? తొలకరి ముందు మగపిట్టలు గూళ్లు కడతాయి. సగం కట్టి ఆపుతాయి. అప్పుడు ఆడపిట్టలు వస్తాయి. ఊరికే చూసి వెళ్లవు. ముక్కుతో పోచ పట్టి లాగుతాయి. గూటికి వేలాడి ఊగుతాయి. నచ్చితే ఉంటాయి, లేకపోతే తుర్రుమంటాయి. మొహమాటం అస్సలు ఉండదు.

ఆ చెట్టు మీద ఒక కుర్ర గిజిగాడు ఉన్నాడు. ఆ ఏడే తల మీద పసుపు రంగు వచ్చింది. వాగు నీళ్లలో తన నీడ చూసుకోవడానికే వాడికి సగం పొద్దు చాలేది కాదు. అందుకని అందరూ వాడిని దొరబాబు అని పిలిచేవారు. వాడది మెచ్చుకోలే అనుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే వాగు దగ్గరికి సింగారి అనే ఆడపిట్ట వచ్చింది. నీళ్లు తాగి తల ఎత్తింది. ముక్కు చివర ఒక్క చుక్క నిలిచింది. ఆ చుక్కలో పొద్దుటి సూర్యుడు మెరిశాడు. అంతే! దొరబాబు పట్టుకున్న మట్ట వదిలేసి ధబ్బున ఇసుకలో పడ్డాడు.

"అయ్యో, దెబ్బ తగిలిందా?" అంది సింగారి.

"నీ కోసం అడవిలోకెల్లా అందమైన గూడు కడతాను," అన్నాడు దొరబాబు, రెక్కలకంటిన ఇసుక కూడా దులుపుకోకుండా.

"నేనడిగింది దెబ్బ గురించి!" అని నవ్వింది సింగారి. "సరేలే. పదో రోజు వస్తాను. వేలాడి చూస్తాను. నేను కొంచెం బరువే, ముందే చెప్తున్నా!"

పక్క మట్ట మీద ముత్తెయ్య బాబాయ్ గూడు కట్టుకుంటున్నాడు. ఆయనకి ఒక కాలు వంకర. రోజూ పొద్దున్నే పది రెల్లు పోచలు చీల్చి తెచ్చేవాడు. పదీ ముడి వేసేవాడు. ఏదైనా ముడి వదులుగా ఉంటే విప్పి మళ్లీ వేసేవాడు.

"రోజుకి పది పోచలా బాబాయ్? గూడు అయ్యేసరికి నీ ముక్కు అరిగిపోతుంది!" అన్నాడు దొరబాబు.

"పదీ వేస్తేనే కదరా, పదకొండోది ఎక్కడ వేయాలో తెలిసేది," అన్నాడు ముత్తెయ్య, నోట్లో పోచతోనే.

దొరబాబుకి ఆ మాట చప్పగా అనిపించింది. వాడికి గొప్ప మాట కావాలి. ఎగిరి గోరింక గురువుగారి దగ్గరికి పోయాడు.

ఈ గోరింక బూరుగు చెట్టు తొర్రలో ఉండేది. మనుషుల మాటలు విని వచ్చి, అడవిలో అందరికీ విజయ సూత్రాలు చెప్పేది. సూత్రానికి ఒక మిడత.

మిడతని మింగి గోరింక మొదటి సూత్రం చెప్పింది. "కళ్లు మూసుకో నాయనా. గూడు అయిపోయినట్టే ఊహించుకో. ఊహ గట్టిదైతే గూడూ గట్టిదే."

దొరబాబు మూడు రోజులు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఎంత బాగుందో! గూట్లో మిణుగురుల దీపాలు. సింగారికి ఒక ఉయ్యాల. కళ్లు తెరిస్తే మాత్రం ఉత్త మట్ట.

రెండో మిడత మింగి గోరింక రెండో సూత్రం చెప్పింది. "చిన్నగా మొదలుపెట్టేవాడు చిన్నగానే ఉండిపోతాడు. రెండంతస్తులు కట్టు!"

దొరబాబు మూడు రోజులు చెట్టు చుట్టూ తిరిగాడు. పై అంతస్తు వాగు వైపు ఉండాలా, కొండ వైపు ఉండాలా అని కనపడిన వాళ్లందరినీ అడిగాడు. దారిన పోయే తాబేలుని కూడా వదల్లేదు.

మూడో మిడత మింగి గోరింక మూడో సూత్రం చెప్పింది. "తెల్లారకముందే లేచి 'నేనే గొప్ప' అని నూరుసార్లు అరువు."

దొరబాబు మూడు రోజులు అరిచాడు. గొంతు బొంగురు పోయింది. ముత్తెయ్య చెవుల్లో బూరుగు దూది పెట్టుకున్నాడు.

అలా తొమ్మిదో రోజు వచ్చింది. దొరబాబు మట్ట వంక చూసుకున్నాడు. ఒక్క ముడి కూడా లేదు. రేపే సింగారి వస్తుంది. గూడు లేకపోతే వెళ్లిపోతుంది. ఈ వానలన్నీ తను ఒక్కడే తడవాలి.

"ఒరేయ్, ఇంకా పొద్దుంది," అన్నాడు ముత్తెయ్య. "రా, మొదటి ముడి వేయడం చూపిస్తాను. ఉన్నదే చూపించు."

"ఒక్క ముడి చూపిస్తే నవ్వదా?"

"నవ్వుతుంది. నవ్వితే నీ ఈకలేమన్నా రాలతాయా?"

దొరబాబు విన్లేదు. వాడి కళ్లు పై మట్టకి వేలాడే పాత గూటి మీద పడ్డాయి. పోయినేటిది. ఎండి గోధుమ రంగుకి తిరిగింది. దొరబాబు పచ్చి పోచలు తెచ్చి దాని చుట్టూ గబగబా దోపేశాడు. ముడి వేయలేదు. లోపలికి తొంగి కూడా చూడలేదు. దూరం నుంచి చూస్తే పెళ్లిపందిరిలా పచ్చగా మెరిసింది.

పదో రోజు సింగారి వచ్చింది. "అబ్బో!" అంది. దొరబాబు ఛాతీ పొంగింది.

సింగారి ఒక పోచ లాగింది. అది ఊడి వచ్చింది. ఇంకోటి లాగింది. దాంతో పాటు నాలుగు వచ్చాయి. మూడోసారి గూటికి వేలాడి ఊగింది. పెళ్లికొడుకు పంచె జారినట్టు పచ్చ పోచలన్నీ సర్రున జారిపోయాయి. లోపల్నుంచి గోధుమ రంగు గూడు బయటపడింది. అందులోంచి ఒక ఎలుక తల కూడా బయటపడింది.

"ఎవరే అది, పట్టపగలు ఇల్లు ఊపేది? ఇప్పుడే పిల్లల్ని పడుకోబెట్టాను!"

ఆ మాట పూర్తవకుండానే పాత గూడు పుటుక్కున తెగి ఇసుకలో పడింది. ఎలుకమ్మ, దాని ముగ్గురు పిల్లలు దొర్లుకుంటూ బయటికి వచ్చారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎలుకమ్మ నోటికి అసలే తగల్లేదు. అరగంట తిట్టింది.

సింగారి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది.

"గూడు లేదని చెప్పి ఉంటే మళ్లీ వచ్చేదాన్ని దొరబాబూ," అని ఎగిరిపోయింది.

ఆ మాట ముల్లులా దిగింది. ఎలుకమ్మ తిట్టిన తిట్లలో ఒక్కటీ అంత నొప్పి పెట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఎవరో దొరబాబు తోక పట్టి లాగారు.

"లే! నా ఇల్లు నాకు కట్టివ్వు," అంది ఎలుకమ్మ.

"రేపు కడతా పిన్నీ..."

"ఈ రాత్రికి నా పిల్లలు ఎక్కడ పడుకోవాలి? నీ ఊహలోనా?"

దొరబాబు సిగ్గుపడి లేచాడు. ముత్తెయ్య దగ్గర మొదటి ముడి నేర్చుకున్నాడు. ఆ రోజు పది పోచలు తెస్తే మూడే నిలిచాయి. ఇల్లు అయ్యేదాకా ఎలుకమ్మని, పిల్లల్ని ముత్తెయ్య తన పాత గూట్లో ఉండనిచ్చాడు. మర్నాడు మళ్లీ తోక లాగుడు. మళ్లీ పది పోచలు. ఆరో రోజుకి గూడు ఆకారం వచ్చింది కానీ, గుమ్మం ఆకాశం వైపు ఉంది.

"వాన పడితే ఇది గూడా, గిన్నెనా?" అంది ఎలుకమ్మ.

దొరబాబుకి కోపం వచ్చింది. గురువుగారి సూత్రం గుర్తొచ్చి "నేనే గొప్ప" అనబోయాడు. గిన్నె వంక ఇంకోసారి చూశాడు. వాడికే నవ్వొచ్చింది. కూర్చుని ముడులన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

పన్నెండో రోజుకి ఎలుకమ్మ ఇల్లు పూర్తయింది. పదమూడో రోజు తెల్లారింది. ఎవరూ తోక లాగలేదు. అయినా దొరబాబుకి మెలకువ వచ్చేసింది. ముక్కు దానంతటదే పోచ వెతుక్కుంది. ఆ పొద్దుటే తన గూటికి మొదటి ముడి వేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. రెండంతస్తులు కాదు, ఒక్కటే.

తొలకరి వచ్చేసింది. సగం గూడు తయారైన రోజు మధ్యాహ్నం సింగారి మళ్లీ కనిపించింది.

"ఊరంతా తిరిగాను," అంది. "ఒక గూడు వదులు. ఒకటి ఇరుకు. ఇంకో గూటివాడికి గురక. ఎలుకమ్మ ఇంటికి మాత్రం నిన్న వేలాడి చూశా. ఊగింది కానీ ఊడలేదు. ఇదీ నువ్వే కట్టావా?"

"ఇది సగమే అయింది సింగారీ. ఆ ఎడమ పక్క ఇంకా వదులుగా ఉంది. రేపు బిగిస్తాను," అన్నాడు దొరబాబు.

సింగారి వాడి వంక ఒక్క క్షణం చూసింది. పోచ పట్టి లాగింది. రాలేదు. ఇంకోటి లాగింది. రాలేదు. గూటికి వేలాడి, ఉన్న బరువంతా వేసి ఊగింది. దొరబాబు భయంతో కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"కళ్లు తెరువు," అంది సింగారి గూట్లోంచి. "ఈసారి ఊహించుకోనక్కర్లేదు. నిజంగానే ఉంది."

పది రోజులకి గూడు పూర్తయింది. ఆ సాయంత్రం పెద్ద వాన. బూరుగు తొర్ర నీళ్లతో నిండిపోయింది. గోరింక తడిసి ముద్దై వచ్చి గూటి ముందు వాలింది.

"శిష్యా, తల దాచుకోవడానికి కాస్త చోటివ్వవూ?"

"గురువుగారూ," అన్నాడు దొరబాబు వినయంగా, "కళ్లు మూసుకుని, తడవడం లేదని ఊహించుకోండి."

పక్కింట్లో ఎలుకమ్మ పకపకా నవ్వింది. సింగారి దొరబాబుని ముక్కుతో ఒక్కటి పొడిచింది. "చాల్లే. మట్ట కింద చోటు చూపించు. రేపు పొద్దున్నే పది పోచలు కూడా తెచ్చివ్వు."

గోరింక తుమ్ముతూ అడిగింది, "మిడత కావాలా?"

"వద్దండీ," అంది ఎలుకమ్మ, "మీ తోక చాలు. తెల్లారగానే నేనొచ్చి లాగుతాను!"

నీతి: ఎంత పెద్ద కలైనా కనండి, తప్పులేదు. కానీ కల కన్న రోజే ఒక్క ముడి వేసి, మర్నాడు ఇంకొకటి వేసేవాళ్లకే ఆ కల ఇల్లవుతుంది.