ఏడు నదుల అవతలి నిప్పుకుండ

అనగనగా పొద్దు గుంకే దిక్కున, మన ఎండలూ మన వరిచేలూ ఎరగని చలిదేశంలో, సెగోమారుడనే రాజు ఉండేవాడు. ఆయన జనాన్ని విందవరులు అనేవారు. కెల్టు జాతుల్లో అదొక తెగ. కర్రతో ఇళ్ళు కట్టుకుని, పందుల్ని మేపుకుని, మెడలో మెలితిప్పిన కంచు కంటెలు వేసుకుని తిరిగేవారు. వాళ్ళకు రాతకోతలు లేవు కానీ మాటంటే మాటే. ఆడిన మాట కోసం ప్రాణమైనా ఇచ్చేవారు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కతుమారుడు బలశాలి. నడిమివాడు తోగిరుడు మాటకారి. చిన్నవాడు విందుడికి బలమూ అంతంతే, మాటలూ అంతంతే. ఇంటికొచ్చినవాళ్ళకు కడుపునిండా వడ్డించడమంటే మాత్రం వాడికి మహా ఇష్టం.

కాలం గడిచింది. జనం పెరిగారు, పొలాలు పెరగలేదు. రాజు కొడుకుల్ని పిలిచాడు.

"నాయనలారా, ఒక్క అడవి ఇంతమందిని సాకలేదు. సగం జనాన్ని తీసుకుని దక్షిణానికి వెళ్ళండి. కొత్త ఊరు కట్టుకోండి" అన్నాడు. ఒక్కొక్కడికి ఒక బల్లెం, ఒక కర్ర డాలు ఇచ్చాడు. ఇచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. కన్నతండ్రి కదా, మళ్ళీ చూస్తాడో లేదో.

ఊరి నడిమి పొయ్యిలోంచి నిప్పులు తీసి, మట్టికుండలో పెట్టి, లితావి అనే పిల్లకు అప్పగించారు. ఆ నిప్పు బతికుంటేనే వాళ్ళు ఒక జనం. అది ఆరిందా, ఎవరి దారి వాళ్ళదే. పక్క తెగల్లో బానిసలై బతకాల్సిందే. రాయి కొట్టి రాజేసిన నిప్పు వంటకు పనికొస్తుంది గానీ ఊరికి పనికిరాదు. అందుకే నిప్పు మోసే పిల్ల దాన్ని విడిచి అడుగు కదపకూడదు. దారి పొడుగునా విందుడు ఎండుపుల్లలు ఏరి తెచ్చి ఇచ్చేవాడు. లితావి తీసుకుని నవ్వేది. ఆ నవ్వు కోసం వాడు మరో మోపు తెచ్చేవాడు.

కొండలు దాటారు, కోనలు దాటారు. ఒక పెద్ద నది రెండుగా చీలిన చోట, నడుమ చక్కటి లంక కనిపించింది. పచ్చిక ఉంది, చేపలున్నాయి, నల్లటి నేల ఉంది. "ఇదే మన ఊరు" అన్నాడు వాళ్ళ గురువు దివికుడు. ఆ తెగలో గురువును డ్రూయిడ్ అంటారు. అందరూ విందుకు కూర్చున్నారు.

అప్పుడొచ్చాడు ఒక ముసలివాడు, తడిసిన బట్టలతో వణుక్కుంటూ.

విందవరులకు ఒక ఆచారం ఉంది. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ముందు పేరడగరు. కడుపునిండా పెట్టాక, నువ్వెవరు, నీకేం కావాలి అని అడుగుతారు. అడిగినది ఇచ్చి తీరతారు. విందుడు ముసలివాడికి పంది మాంసం వడ్డించాడు, తేనెపానకం పోశాడు.

"తాతా, తృప్తిగా తిన్నావా? ఇప్పుడు చెప్పు. నువ్వెవరు? నీకేం కావాలి?"

ముసలివాడి వణుకు ఆగిపోయింది. "నా పేరు మోర్గుడు. ఈ బురదనేలలన్నీ నావి. నాకు ఆ నిప్పుకుండ కావాలి" అన్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటే వాడే! నిప్పు పాతుకున్న చోట బురద ఎండుతుంది, బురద ఎండితే వాడి మంత్రం చెల్లదు. అందుకని వచ్చాడు. కానీ అడగమని అన్నది వీళ్ళే. విందుడు తలొంచుకుని కుండ ఇచ్చేశాడు.

లితావి లేచింది. "నిప్పు ఎక్కడుంటే నేనక్కడ" అని మోర్గుడి వెనకాలే నడిచింది. ఏడు నదుల అవతలికి వెళ్ళిపోయింది. విందుడు ఇవతలి ఒడ్డున కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు కతుమారుడు సైన్యంతో వెళ్ళాడు. మొదటి నది దాటగానే అందరూ రాళ్ళైపోయారు. తర్వాత తోగిరుడు తీపిమాటలతో వెళ్ళాడు. రెండో నది దాటగానే వాడూ రాయైపోయాడు. మంచుకాలం ముంచుకొస్తోంది. విందుడు బల్లెం, డాలు పట్టుకుని లేచాడు.

"నువ్వేం చెయ్యగలవు నాయనా?" అన్నాడు దివికుడు.

"ఏమో గురువుగారూ. ఇచ్చింది నేను. తేవలసిందీ నేనే."

నది ఒడ్డున ఒక అడవిపంది పిల్లలతో సహా ఊబిలో కూరుకుపోయి ఉంది. విందుడు బల్లెం అడ్డంపెట్టి ఒక్కొక్కదాన్నే లాగాడు. "నా అడుగులో అడుగు వెయ్యి. మంత్రమంతా బురదలోనే ఉంది. గట్టినేల ఎక్కడుందో పందికి తెలిసినట్టు మంత్రగాడికి కూడా తెలియదు" అంది పంది. అలా ఒక నది, రెండు నదులు, మూడు నదులు, ఏడు నదులూ దాటించింది.

అవతల ముళ్ళపొదలో ఒక కాకి చిక్కుకుని ఉంది. విందుడు చేతులు గీరుకుపోతున్నా దాన్ని విడిపించాడు.

"లితావి బతికే ఉందా?" అని అడిగాడు.

"ఉంది. నిప్పూ ఉంది" అంది కాకి. "మాటకు కట్టుబడి ఇచ్చిన నిప్పును చేత్తో ఆర్పితే వాడి నీళ్ళే వాణ్ణి ముంచుతాయి. అందుకని అదే ఆరిపోవాలని కాచుకుని కూర్చున్నాడు. ఆ పిల్లకు ఒక్క పుల్ల దొరకనివ్వడు. పిల్ల తన దుప్పటి కాల్చింది. దువ్వెన కాల్చింది. ఇప్పుడు జడ కోసి కాలుస్తోంది."

"వాడి ప్రాణం ఎక్కడుందని పిల్ల మూడుసార్లు అడిగింది. గడపలో ఉందన్నాడు, అబద్ధం. తిరగలిలో ఉందన్నాడు, అదీ అబద్ధం. మూడోసారి, ఎలాగూ పోయే పిల్లేగా అని నిజం చెప్పాడు. వాడి ఇంటి చూరులో కూర్చుని నేను విన్నాను. ఆ మడుగులో ఉన్న కొంగలో ఉంది."

మన దగ్గరైతే చిలకలో దాచేవాడు. ఆ చలిలో చిలకలెక్కడివి, పాపం, కొంగతో సరిపెట్టుకున్నాడు.

మడుగులో ముసలి కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది, ఎముకలు తేలి. విందుడు మెడ పట్టుకున్నాడు. విరిస్తే సరిపోయేది. కానీ ఆ పక్షి కళ్ళలో ఆకలి చూసి వాడి చెయ్యి ఆడలేదు. సంచిలో మిగిలిన ఆఖరి మాంసం ముక్క దాని నోటికి అందించి, "ముందు తిను" అన్నాడు.

కొంగ తింది. "మోర్గుడు నా గొంతులో తన ప్రాణం దాచినప్పట్నుంచీ ముద్ద దిగదు నాయనా. దిగదని తెలిసి ఎవడూ పెట్టలేదు" అని మెడ సాచి దగ్గింది. మాంసం ముక్కతో పాటు ఒక సింధూరపు గింజ బయటపడింది. సింధూరమంటే ఆ దేశపు మహావృక్షం. ఆ గింజ విందుడి గుప్పిట్లో వెచ్చగా కొట్టుకుంటోంది. కొంగ రెక్కలు విదిలించుకుని ఎగిరిపోయింది.

విందుడు మోర్గుడి ఇంట్లోకి వెళ్ళాడు. మూలన లితావి, బోడితలతో, కుండ మీద వంగి ఊదుతోంది. కుండలో ఒక్కటే కణిక మిగిలింది.

"వచ్చావా? ఇంకేమీ లేదు విందా, వెయ్యడానికి ఇంకేమీ లేదు" అంది.

విందుడు గింజ చూపించాడు. మోర్గుడు పాలిపోయాడు గానీ కదల్లేదు.

"కాలుస్తావా, కాల్చు. నేను పోతాను. రాళ్ళైన మీవాళ్ళను తిరిగి మనుషుల్ని చేసే మాట నా ఒక్కడి నోట్లోనే ఉంది. అదీ పోతుంది. కాల్చవా, ఊరికే కూర్చుంటాను. ఆ కణిక ఎంతసేపు ఉంటుంది?"

ఇటు నిప్పు, అటు అన్నలు. విందుడు లితావి వంక చూశాడు. తర్వాత తన చేతిలోని బల్లెం వంక చూశాడు. బల్లెం కర్ర విరిచి కుండలో వేశాడు. అది చాల్లేదు. డాలు తీశాడు.

"వద్దు!" అంది లితావి. "డాలు లేకుండా తిరిగొచ్చినవాడికి సభలో చోటుండదు. ఎన్నేళ్ళు బతికినా నిన్ను కూర్చోనివ్వరు."

"తెలుసు" అన్నాడు విందుడు. తండ్రి ఇచ్చిన డాలు. మోకాలి మీద పెట్టి విరిచాడు. విరుస్తుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ముక్కలన్నీ వేశాడు. నూనె పట్టిన ఎండుకర్ర భగ్గుమంది. ఇంటిగోడల తడి ఆవిరై లేచింది.

"ఇప్పుడు కూర్చో, ఎంతసేపు కూర్చుంటావో" అన్నాడు.

తడి ఆరిన ఇంట్లో మోర్గుడు ముడుచుకుపోయాడు. చివరికి రాళ్ళను విడిపించే మాట పలికాడు. "నా గింజను చంపకు. ఎక్కడైనా తడినేలలో పెట్టు" అన్నాడు, నిజంగానే వణుకుతూ. విందుడు సరేనన్నాడు.

బురద గట్టిపడింది. అన్నలు రాళ్ళలోంచి లేచి, తమ్ముణ్ణి వాటేసుకున్నారు. లంక మీద కొత్త పొయ్యి తవ్వి నిప్పు నిలిపారు. మాట ప్రకారం ఒడ్డున తడినేలలో గింజ నాటారు. మోర్గుడు మళ్ళీ ఎవరికీ కనపడలేదు. చెట్టు మాత్రం పెరిగింది.

నిప్పు నిలిపిన సాయంత్రమే తొలి సభ. మగవాళ్ళంతా ఎవరి డాలు వాళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్నారు. విందుడు అవతల, గొడ్లు కట్టిన చోట నిలబడ్డాడు. లితావి వచ్చి పక్కన నిలబడింది.

దివికుడు, "ఆచారం ఆచారమే. డాలు లేనివాడు కూర్చోకూడదు" అన్నాడు. అంటుంటే ఆయన గడ్డం తడిసిపోయింది.

కతుమారుడు లేచాడు. తన డాలు తీసుకెళ్ళి పొయ్యిలో వేసి, తమ్ముడి పక్కన నిలబడ్డాడు. తోగిరుడు లేచాడు. వాడి డాలూ పొయ్యిలోకి పోయింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, అందరూ లేచారు. కూర్చున్నవాడు ఒక్కడూ మిగల్లేదు. దివికుడు చుట్టూ చూసి, తనూ లేచాడు.

"ఇక్కడ కూర్చున్నవాడెవడూ లేడు. కాబట్టి ఆచారం తప్పినవాడూ లేడు. మాట్లాడు విందా" అన్నాడు.

ఆ జనం విందుణ్ణే రాజును చేసుకున్నారు. వాడు లితావిని పెళ్ళాడాడు. ఊరికి ఆమె పేరే పెట్టాడు, లితావిదూనం అని. దూనమంటే వాళ్ళ మాటలో కోట. పిల్లాపాపలతో, పాడిపంటలతో నిండునూరేళ్ళు ఏలాడు. ఊరు నగరమైంది, కర్ర ఇళ్ళు రాతి మేడలయ్యాయి. ఎంత గొప్ప నగరమైనా అక్కడి సభామండపంలో పీటలు లేవు, బల్లలు లేవు. రాజైనా, రైతైనా, నిన్న వచ్చిన పరదేశి అయినా, అందరూ నిలబడే మాట్లాడుకుంటారు.