బుచ్చిగాడి చంకలో దూది

పరిశోధనశాలలో తెల్ల ఎలుకలన్నీ గోడవారనున్న పెద్ద గూటిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ బతికేవి. కిటికీ పక్క గూడు మాత్రం ఒంటిమీద గడ్డ లేచినవాళ్ళకే. అక్కడ గాలీ వెలుతురూ, పైగా నానబెట్టిన మెత్తటి మేత. పెద్ద గూటిలో గట్టి మేత కొరుక్కుంటూ బుచ్చిగాడు అటే చూసి కుళ్ళుకునేవాడు.

"నీ పనే హాయిగా ఉంది గవ్వక్కా," అన్నాడోనాడు.

కిటికీ పక్కనుండే ముసలి ఎలుక గవ్వక్క చంకలో రేగుపండంత గడ్డ.

"ఇది భోగం కాదురా. రోగాలతో పోరాడే కణాలు ఒంట్లో తలో మూలా తిరుగుతుంటాయి. నా గడ్డలో మాత్రం ఒకే రకానివి కుప్పపడ్డాయి. అవెలా పెరుగుతాయో, ఎప్పుడు దారి తప్పుతాయో వీటిని చూసి తెలుసుకుంటుంది డాక్టరమ్మ. నన్ను మేపేది అందుకే. గడ్డ ముదిరాక బల్లమీదికి తీసుకెళ్తారు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు."

తిండి పంచాల్సొస్తుందని బెదిరిస్తోందిలే అనుకున్నాడు బుచ్చిగాడు. గూట్లో పరిచిన దూది కాస్త తుంచి, ఉమ్మితో రేగుపండంత ఉండచేసి చంకలో ఇరికించుకున్నాడు. డాక్టరమ్మ గ్లౌజు వేళ్ళతో తడిమి చూసి, గడ్డ బాగా ముదిరిందే అనుకుంది. సాయంత్రానికల్లా వాడు కిటికీ పక్కకు చేరి, పొట్ట పగిలేలా తిన్నాడు.

తెల్లారాక ఇద్దర్నీ బల్లమీదికి తెచ్చారు. స్పిరిట్ వాసన ముక్కుకి ఘాటుగా తగిలింది. పక్కనే కత్తెర మెరుస్తోంది.

"అక్కా, నువ్వు చెప్పిన బల్ల ఇదేనా?"

"ఇదేరా."

బుచ్చిగాడి బుర్ర చురుగ్గా పనిచేసింది. డాక్టరమ్మ చెయ్యి దగ్గరికి రాగానే కాలెత్తి దులిపాడు. దూది ఉండ రాలి బల్లమీద పడింది.

డాక్టరమ్మ దాన్ని పట్టుకారుతో ఎత్తి చూసింది. "వీడికి గడ్డే లేదే."

బుచ్చిగాడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "చూశావా అక్కా, తెలివంటే ఇదీ," అని మీసాలు దువ్వుకున్నాడు.

బల్లదాకా వచ్చినవాళ్ళెవరూ తిరిగి వెళ్ళలేదని గుర్తొచ్చి గవ్వక్కకి వాడి గురించి భయం వేసింది.

డాక్టరమ్మ పక్కనున్న సహాయకురాలితో అంటోంది: "మంచిదేలే. గడ్డలోని కణాలకి ఏం తేడా వచ్చిందో తెలియాలంటే, ఆరోగ్యంగా ఉన్న కణాలు పక్కన పెట్టుకుని చూడాలి కదా. ఎలాగూ ఇంకో ఎలుక కోసం పెద్ద గూట్లో వెతకాలనుకున్నాం. వీడు చేతికందాడు, వీడితో సరిపెట్టేద్దాం."

పక్కవాడి కంచంమీద ఆశపడ్డవాడికి, ఆ కంచం ఎందుకు పెట్టారో చెప్పినా చెవికెక్కదు.