ఎండిన కప్పు

గౌరీశు పెంచుతున్న చేపలు మేత ముట్టడం మానేశాయి.

భీమిలి తీరాన పరదేశి స్వామి ఆశ్రమంలో, ధ్యానమందిరం గుమ్మం పక్కన ఒక గాజు తొట్టి ఉండేది. అందులో సముద్రపు నీళ్లు, రెండు చారల చేపలు. వలలో పడ్డవాటిని చంపబుద్ధి కాక ఒక జాలరి తెచ్చి స్వామి ముందు పెట్టాడు. స్వామి వాటిని శిష్యుడు గౌరీశుకు అప్పగించాడు.

"వీటి ప్రాణం నిలబెట్టు. నీకు ఇదే జపం" అన్నాడు.

గౌరీశు శ్రద్ధ గలవాడు. ఆ శ్రద్ధను నలుగురూ చూడాలన్న కోరికా గలవాడు.

తొట్టికి మొదట జానెడు ప్రొటీన్ స్కిమ్మర్ ఉండేది. అది నీళ్లలోకి గాలి కొట్టి నురుగు లేపుతుంది. ఆ నురుగుతో పాటు చేపల మురికి పైకెక్కి, మీదనున్న కప్పులో పడుతుంది. రోజూ కప్పు నిండేది, కంపు కొట్టేది. భక్తులు ముక్కు మూసుకుంటే గౌరీశుకు తల కొట్టేసినట్టు ఉండేది. చివరికి కొత్త స్కిమ్మర్ కోసం విశాఖ వెళ్లాడు.

"ఎన్ని చేపలండీ?" అని అడిగాడు దుకాణం మనిషి.

"చేపల సంగతి మీకెందుకు? అన్నిటికన్నా పెద్దది ఇవ్వండి."

పైకొసన కప్పున్న మోకాలెత్తు స్కిమ్మర్ గొట్టం తెచ్చి పెట్టాడు. ఆ రోజు నుంచి కప్పులో చుక్క పడలేదు. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి మురిసిపోయాడు.

ఇప్పుడు ఆ కప్పే పట్టుకుని స్వామి దగ్గరికి వచ్చాడు.

"చూడండి స్వామీ, తుడిచిన అద్దంలా ఉంది. నా తొట్టిలో మురికన్నదే లేదు. అయినా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇలాగే ఉంటే బతకవు. నేనేం లోపం చేశాను?"

పరదేశి స్వామి ఉపన్యాసం చెప్పగా విన్నవాళ్లు లేరు. ఆయన కప్పులో వేలు పెట్టి రాసి చూసుకున్నాడు.

"ఆకలేస్తోందిరా. పెద్ద గుండిగలో గుప్పెడు బియ్యం పడెయ్. పొంగు అంచు దాటాక వచ్చి చెప్పు."

ఆ గుండిగలో వండేది ఆరాధన రోజున, ఊరందరికీ. వంట చేసే ఎర్నమ్మ నోరు నొక్కుకుంది.

"గుప్పెడు బియ్యానికి గుండిగా? ఏటి నాయనా, చీమలకి పెళ్లా?"

"స్వామి చెప్పారత్తా."

"ఆయనకేటి, చెప్తారు. తోమేది నేను."

గౌరీశు పొయ్యి ముందు కూర్చున్నాడు. నీళ్లు కాగాయి. అడుగున తెల్లటి నురుగు లేచింది. బెత్తెడు ఎక్కి, పగిలి, మళ్లీ నీళ్లలో కలిసిపోయింది. కట్టె ఎగదోశాడు. మళ్లీ లేచింది, మళ్లీ కలిసిపోయింది. గుండిగ అంచు ఎక్కడో పైన ఉంది.

స్వామి వచ్చాడు.

"పొంగిందా?"

"లేదు స్వామీ."

స్వామి అంచు మీద వేలు రాశాడు, ఇందాక కప్పులో రాసినట్టే.

"పొడిగా ఉంది. అయితే ఈ బియ్యంలో గంజి లేదన్నమాట."

ఎర్నమ్మ పకపకా నవ్వింది. "గంజి నేని బియ్యం ఎక్కడుంటాది స్వామీ! గంజంతా గుండిగ నోపలే ఉడుకుతంది."

గౌరీశు నవ్వలేదు. గుండిగలోకి వంగి చూశాడు. నీళ్లు చిక్కగా ఉన్నాయి. చేతిలో గరిటె అక్కడే వదిలేసి తొట్టి దగ్గరికి పరుగెత్తాడు.

ఆ పూట అన్నం స్వామే వార్చుకున్నాడు.

గౌరీశు అటక మీది పాత స్కిమ్మర్ దింపి తొట్టికి పెట్టాడు. సముద్రం నుంచి బిందెలతో నీళ్లు మోసి, తొట్టిలో సగం నీళ్లు మార్చాడు. పెద్ద గొట్టం గోడకు చేరింది.

రెండు రోజుల తరవాత, భక్తులు కూర్చుని ఉండగా, కప్పును రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చాడు. అందులో డికాషన్ రంగు నీళ్లు తొణుకుతున్నాయి. జనం ముక్కులు మూసుకుని దారి ఇచ్చారు. గౌరీశు తల వంచుకోలేదు.

"చేపలు?" అన్నాడు స్వామి.

"మేతకొచ్చాయి."

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "అది బయట పారబొయ్యమనండి స్వామీ!"

స్వామి కప్పు వాసన చూసి, మళ్లీ శిష్యుడి చేతుల్లోనే పెట్టాడు.

"పారబోస్తాడు లెండి. కాసేపు చూసుకోనివ్వండి."