సిస్టర్ ఇన్నాసమ్మ నొప్పి

గర్భసంచిలో క్యాన్సర్ గడ్డ తీసేసి మూడు రోజులైనా సిస్టర్ ఇన్నాసమ్మ మంచం దిగలేదు.

నొప్పి తగ్గే మందు వద్దంది. చేతికందేలా పెట్టిన మీట నొక్కితే చాలు, మందు నరంలోకి వెళుతుంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మాత్రలిస్తే పక్కన పెట్టేసింది. ఈ నొప్పంతా దేవుడికి సమర్పిస్తున్నానని చెప్పి, పళ్ళు బిగించి, పైకప్పు చూస్తూ పడుకుంది.

నర్సు బతిమాలింది. "రక్తం గడ్డకట్టకుండా పొట్టకి ఇంజెక్షన్ ఇస్తున్నాం, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు వేశాం. అయినా నడవాలి సిస్టర్. కాళ్ళల్లో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది."

"కదిలితేనే ప్రాణం పోతోందమ్మా," అంది ఇన్నాసమ్మ.

ఆ సాయంత్రం మదర్ జోజమ్మ బస్సెక్కి వచ్చింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. పద్దెనిమిదేళ్ళప్పుడు మఠంలో చేరిన ఇన్నాసమ్మకి జపమాల దగ్గర్నుంచి పప్పు తాలింపు దాకా నేర్పింది ఆమే.

వస్తూనే శిష్యురాలి జుట్టు సర్దింది. "చిక్కిపోయావే పిల్లా."

"మదర్, సిలువ మీద ప్రభువుకి నొప్పి తెలియకుండా బోళం కలిపిన ద్రాక్షరసం ఇవ్వబోతే పుచ్చుకున్నాడా?"

"పుచ్చుకోలేదు," అని మదర్ ఒప్పుకుంది. తర్వాత సంచీలోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

"ఏంటది మదర్?"

"మోకాళ్ళ నొప్పులకి. పన్నెండేళ్ళయింది."

ఇన్నాసమ్మ నివ్వెరపోయింది. తెల్లవారుజాము పూజలో అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ళూని ఉండేది మదరే. ఆమెను చూసే తను ఓర్చుకోవడం నేర్చుకుంది.

"మీరు... మాత్ర వేసుకునా?"

"వేసుకోని రోజు నేను దేవుడితో మాట్లాడనే. మోకాళ్ళతో మాట్లాడతాను."

ఇన్నాసమ్మ చివరికి చెయ్యి చాచి మీట నొక్కింది.

కాసేపటికి నర్సు ఒక పక్క, మదర్ ఒక పక్క పట్టుకుంటే లేచి నిలబడింది. మూడడుగులు. నాలుగు. మంచం చుట్టూ ఉన్న తెర దాటింది.

అవతలి మంచం మీద ఒకామె ముడుచుకుని కూర్చుని ఉంది. ఇన్నాసమ్మని చూడగానే ముఖం విప్పారింది.

"లేచారా సిస్టర్! నిన్నట్నుంచి పిలుస్తున్నా. రేపు నాకు ఆపరేషను. భయంగా ఉంది, కాస్త ప్రార్థన చేస్తారేమోనని. నిద్రపోతున్నారనుకున్నా."

ఇన్నాసమ్మ నిన్నట్నుంచి కన్ను మూయలేదు. ఆ పిలుపు మాత్రం ఒక్కసారీ చెవిన పడలేదు.

ఆమె తల మీద చెయ్యి పెట్టింది. "నీ పేరేంటమ్మా?"

"కోటమ్మ."

ప్రార్థన అయ్యాక, ఇక వెనక్కి వెళదామంది నర్సు. ఇన్నాసమ్మ తలెత్తి మంచాల వరసని చివరిదాకా చూసింది.

"ఆ పక్క మంచం దాకా వెళ్ళొస్తాను."

"మెల్లగా తల్లీ," అంది మదర్, ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి. "వార్డు పెద్దది. రేపు కూడా నడుద్దువుగాని."